పుల్లయ్య ఫస్టు వచ్చిన సంగతి

పుల్లయ్య తన జీవితంలో పెద్ద అబద్ధం ఒక్కటే ఆడాడు. అది కూడా ఎదుటివాళ్ళు అడిగితే ఆడాడు గానీ, పనిగట్టుకుని ఆడలేదు.

1993లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, మడకశిర దగ్గరి ఒక పల్లెకు పిల్లను చూడడానికి వెళ్ళాడు. చుట్టాలంతా బస్సులో వెళ్ళారు. పుల్లయ్య మాత్రం బెంగళూరు శివారు చందాపుర నుంచి ఆ పల్లె దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాడు. అతనికి బస్సు పడదు. ఎక్కిన పది నిమిషాలకే కడుపులో తిప్పుతుంది. కిటికీ పక్క సీటు కోసం చిన్నపిల్లలతో పోట్లాడాల్సి వస్తుంది. పెళ్ళికొడుకు బస్సులోంచి తల బయటపెట్టి ఊళ్ళోకి రావడం ఏం బాగుంటుందని, సైకిలంటే తనకు ప్రాణమని అందరితో చెప్పి ముందురోజే బయల్దేరాడు.

పిల్ల పేరు ఆదెమ్మ. ఆమె తండ్రి పుల్లయ్యను చాప మీద కూర్చోబెట్టి, బొరుగులు ముందు పెట్టి, విచారణ మొదలుపెట్టాడు.

"ఏం పని చేస్తా ఉండావప్పా?"

"జిగణిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో. రాయికి పాలిష్ పడతాను."

"అది సరే. ఇంకేమి?"

ఈ "ఇంకేమి"కి పుల్లయ్య తయారై రాలేదు. పొలం లేదు, సొంతిల్లు లేదు. వాళ్ళ నాయన కదిరి నుంచి రాళ్ళు కొట్టే పనికి వచ్చి చందాపురలో నిలిచిపోయినవాడు. కొడుక్కి ఆయన ఇచ్చిపోయినవి దిట్టమైన ఒళ్ళూ, ఒక సుత్తీ. తలుపు సందులోంచి ఒక జత కళ్ళు పుల్లయ్యనే చూస్తున్నాయి. ఆ కళ్ళకు ఏదో ఒకటి చెప్పాలి. గోడకు ఆనించిన సైకిలు కనబడింది.

"సైకిల్ పందేల్లో ఫస్టు వస్తా ఉంటాను," అన్నాడు.

అప్పటికి అతను తొక్కింది ఒకే ఒక పందెం, ఆనేకల్‌లో. మొత్తం అయిదుగురు. పుల్లయ్య నాలుగోవాడు. అయిదోవాణ్ణి దారిలో కుక్క కరిచింది.

పెళ్ళయింది. కాపురానికి వచ్చిన వారానికే ఆదెమ్మ ఇల్లంతా కలియజూసి, "గెలిచిన కప్పులు యాడ పెట్టినావు?" అని అడిగింది. పుల్లయ్య ఆ ఆదివారమే బెంగళూరు చిక్కపేట బజారుకు పోయి ఒక కప్పు కొన్నాడు. పేరు చెక్కే ఆయన "ఏ పందెం?" అంటే, "ఏదో ఒకటి, ఫస్టు అని మాత్రం పెద్దగా కొట్టప్పా," అన్నాడు. ఇంటికి తెచ్చాక గానీ చూసుకోలేదు, కప్పు మీది బొమ్మ చేతిలో బ్యాడ్మింటన్ బ్యాటు ఉంది.

"ఇదేంది, చేతిలో?" అంది ఆదెమ్మ.

"పంపు. సైకిలుకు గాలి కొట్టుకునేది."

ఆదెమ్మ నమ్మింది. నమ్మడమే కాదు, ఏటా ఆయుధపూజ నాడు ఆ కప్పుకు బొట్టు పెట్టింది. వాళ్ళ వరసలోని ఆరిళ్ళకూ తన మొగుడు చాంపియన్ అని చెప్పింది. పుల్లయ్య ఆ తర్వాత ప్రతి ఏడూ రెండు మూడు పందేల్లో తొక్కాడు. ఒక్కసారి నిజంగా ఫస్టు వచ్చేస్తే ఆ అబద్ధం వెనక్కి వెళ్ళి తనంతట తానే నిజమైపోతుందని అతని ఆశ. ఆరో, తొమ్మిదో, పదకొండో స్థానం వచ్చేది. ఇంటికొచ్చి "ఫస్టే, కప్పు మాత్రం సంఘం వాళ్ళే పెట్టుకుంటారంట" అనేవాడు. ఆమె తానూ వస్తానంటే, ఎండనేవాడు, దుమ్మనేవాడు, ఆడోళ్ళకు కూర్చునే చోటు లేదనేవాడు.

ఇంతలో డిర్క్ వచ్చాడు.

డిర్క్‌ది బెల్జియం. జిగణి ఫ్యాక్టరీలో కోసి నునుపు చేసిన రాతిపలకలను కొనడానికి ఏటా వానలు వెనకబడ్డాక వచ్చి, రెండు నెలలు ఉండి పోయేవాడు. నలభై దాటిన మనిషి, బక్కగా, కొంగలాంటి కాళ్ళతో ఉండేవాడు. 1996లో ఒకనాడు పొద్దున ఆయన చందాపుర నుంచి కారులో వస్తుంటే ముందు ఒక కంపెనీ బస్సు, దాని వెనక మూరెడు దూరంలో, వీపు వంచి, హ్యాండిలుకు అన్నం క్యారియరు తగిలించుకుని, బస్సుతో సమానంగా పోతున్న ఒక సైకిలువాడూ కనిపించారు. డిర్క్ కారు ఆపనివ్వకుండా జిగణి దాకా ఆ సైకిలునే చూస్తూ వచ్చాడు. 

ఆఫీసులో ఉత్తరప్రత్యుత్తరాలు చూసే హేమలతను వెంటబెట్టుకుని డిర్క్ పాలిష్ షెడ్డులోకి వచ్చేసరికి పుల్లయ్యకు గుండె జారింది. నిన్నటి నల్ల పలక మీద గీత పడిన సంగతి తనకూ తెలుసు.

"సార్, అది నేను ముట్టకముందే ఉండాది," అన్నాడు.

"ఏది?" అంది హేమలత.

"గీత."

"గీత సంగతి తరవాత చూస్తాలే. బస్సు వెనకాల తొక్కేది ఎవరు నేర్పించినారు అని అడగతా ఉండాడు."

"ఎవరూ లేదు మేడమ్. బస్సు వెనక గాలి తగలదు. సుమ్నె, ఊరికే తొక్కితే చాలు, అదే లాక్కొని పోతాది."

హేమలత అది ఇంగ్లీషులో చెప్పింది. డిర్క్ ఒక్కసారిగా పుల్లయ్య చెయ్యి పట్టుకుని ఊపేశాడు. రాతి బురద ఇద్దరికీ అంటింది. ఆయన తొమ్మిదేళ్ళు జీతానికి సైకిలు తొక్కిన మనిషని అప్పుడే అందరికీ తెలిసింది.

ఆ మాట మొదట ఎవరూ నమ్మలేదు. సైకిలు తొక్కినందుకు జీతమా? మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డు బయట రాతిదిమ్మల మీద కూర్చుని డిర్క్ చెప్పేవాడు, హేమలత తెలుగు చేసేది. వాళ్ళ నాయన ఇటుకల బట్టీలో పనివాడట. ఇరవై రెండేళ్ళకు ఈయన ఒక జట్టులో చేరాడట. వాళ్ళ వైపు రోడ్లు కొన్నింటికి తారు ఉండదు, చేటంత చేటంత రాళ్ళు పరిచి ఉంటాయట. వానలో వాటి మీద పందెం. "ఆ రాళ్ళ మీద పడీ పడీ ఏ రాయి ఎంత గట్టిదో తెలిసిపోయినాదంట, అందుకే ఈ యాపారంలోకి దిగినాడంట," అని హేమలత చెప్తే అందరూ నవ్వారు. డిర్క్ కూడా నవ్వాడు గానీ, పంట్లాము ఎత్తి మోకాలు చూపించాడు. నవ్వు ఆగిపోయింది.

ఫ్రాన్సు దేశం చుట్టూ మూడు వారాలు తిరిగే పందెంలో రెండుసార్లు తొక్కాడట. ఒకసారి సగంలో ఒళ్ళు కాలే జ్వరంతో దిగిపోయాడు, ఒకసారి తొంభై ఒకటో స్థానంలో ముగించాడు.

"అయితే ఫస్టు ఎన్నిసార్లు వచ్చినాడు, అడగండి మేడమ్," అన్నాడు పుల్లయ్య. ఆ ప్రశ్న అతనికి ముఖ్యం.

డిర్క్ చూపుడు వేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాడు. ఏ మాత్రం మొహమాటం లేకుండా.

తన పని గెలవడం కాదట. జట్టులో గెలిచేవాడు ఒకడుంటాడు. తక్కినవాళ్ళు వాడికి కాపలా. ఎదురుగాలికి వాడి ముందు అడ్డంగా తొక్కాలి. వెనక కారు దగ్గరికి పోయి, చొక్కాలో ఎనిమిది నీళ్ళ సీసాలు కుక్కుకుని, మళ్ళీ ముందుకొచ్చి పంచాలి. వాడి చక్రం పంచరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చి రోడ్డు పక్కన నిలబడిపోవాలి. ఒకసారి ఇంకో పది కిలోమీటర్లే ఉందనగా డిర్క్ అందరికన్నా ముందున్నాడట. కారు పక్కకొచ్చి, ఆగు, నాయకుడు వెనక ఉన్నాడు అందట. ఆగాడట.

"ఆగినాడా!" అన్నాడు పుల్లయ్య, అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని. "ఫస్టు పోతా ఉండి?"

"ఆగినాడంట."

"పిచ్చోడా ఏమి?"

"అది తెలుగు నుంచి ఇంగ్లీషుకు చెప్పల్నా, వద్దా?" అంది హేమలత.

చెప్పలేదు. అయినా డిర్క్‌కు అర్థమైనట్టే ఉంది. జేబులోంచి ఒక ఫోటో తీశాడు. ముగింపు గీత దాటుతూ రెండు చేతులూ పైకెత్తిన నాయకుడు నిండుగా ఉన్నాడు. వాడి భుజం మీదుగా, దూరంగా, మసక మసకగా ఒక చుక్క. డిర్క్ ఆ చుక్క మీద వేలు పెట్టి తన రొమ్ము మీద కొట్టుకున్నాడు. ఫోటో అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి.

ఆ రోజు నుంచి షెడ్డులో ఆయన పేరు డిర్కప్ప.

రెండేళ్ళకు ఫ్యాక్టరీ యజమాని రాజగోపాల్‌కు ఒక ఆలోచన వచ్చింది. కొనుగోలుదారుకు సైకిలు పిచ్చి కాబట్టి ఫ్యాక్టరీకి ఒక సైకిలు జట్టు ఉంటే ఆయన ఇంకో చోటికి పోడు. డిర్క్ మరుసటి ఏడు పెట్టెల్లో కట్టి మూడు పాత రేసు సైకిళ్ళు తెచ్చాడు. వేలెడు టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిళ్ళు. జట్టులో పుల్లయ్య, లోడింగ్ పనివాడు గంగప్ప, రాయి కోసే మెషిను మీద పనిచేసే ఇరవై ఏళ్ళ వెంకటేశ్. వెంకటేశ్ దూరం తొక్కలేడు గానీ చివరి మూడొందల గజాలూ ఎవరికీ అందడు. అందుకని డిర్క్ నిర్ణయం చేసేశాడు: వెంకటేశ్ గెలవాలి, మిగతా ఇద్దరూ గాలి మొయ్యాలి.

"గాలి మోసేదా!" అన్నాడు గంగప్ప. "రాళ్ళు మోసిమోసి ఇప్పుడు దానికి వచ్చినామా!"

1999 విజయదశమి నాడు పందెం. జిగణి ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలై, ఆనేకల్ మీదుగా చందాపుర వచ్చి, మళ్ళీ అదే గేటు దగ్గర ముగుస్తుంది. పనివాళ్ళ ఇళ్ళవాళ్ళందరూ రావాలి, భోజనాలు కూడా అక్కడే అని రాజగోపాల్ చెప్పించాడు. పుల్లయ్యకు ఎండా, దుమ్మూ, కూర్చునే చోటూ ఏవీ అక్కరకు రాలేదు.

"షామియానా వేస్తారంట. కుర్చీలు వేస్తారంట. ఆరేండ్లకు నా కంటితో చూస్తాను, నువ్వు ఫస్టు వచ్చేది," అంది ఆదెమ్మ.

పుల్లయ్యకు ఆ వారం రాత్రీ పగలూ ఒకటే లెక్క. వెంకటేశ్ గెలిస్తే తను గెలవడు. తను గెలవకపోతే ఆదెమ్మ చూస్తుంది. డిర్క్ చెప్పినదానికల్లా తల ఊపాడు. మనసులో మాత్రం, ఆనేకల్ దాటగానే అందరినీ వదిలేసి ఒంటరిగా పారిపోవాలని తీర్మానించుకున్నాడు. వెంకటేశ్‌కు ఇంకా ఎన్నో పందేలు ఉన్నాయి, వాడికి పెళ్ళి కూడా కాలేదు అని తనకు తాను చెప్పుకున్నాడు.

ముందురోజు ఆయుధపూజ. ఫ్యాక్టరీలో మెషిన్లన్నీ కడిగి, అరటిపిలకలు కట్టి, గుమ్మడికాయలు పగలగొట్టారు. పుల్లయ్య కాయలు కొట్టే హడావిడిలో ఉండగా ఆదెమ్మ మూడు సైకిళ్ళనూ తన పాలు చేసుకుంది. ఇంట్లో ఇత్తడి దీపాలు తోమేంత శ్రద్ధగా తుడిచింది. చక్రాల చుట్టూ ఉండే తెల్ల రిమ్ములు కాస్త మసకగా కనిపిస్తే, పూజకు తెచ్చిన కొబ్బరినూనె గుడ్డకు అద్దుకుని, మూడు సైకిళ్ళకూ పక్షపాతం లేకుండా, అద్దంలా మెరిసేదాకా రుద్దింది. తర్వాత గంధం, కుంకుమ, చేమంతులు. మొక్కుకునేటప్పుడు మాత్రం కొంచెం పక్షపాతం చూపించింది.

ఆ సైకిళ్ళ బ్రేకు పట్టేది ఆ రిమ్ము మీదే. రెండు రబ్బరు ముక్కలు రిమ్మును నొక్కితేనే చక్రం ఆగుతుంది. ఆదెమ్మకు ఆ సంగతి తెలియదు. తెలిసినవాళ్ళు చూడలేదు. పూజ చేసిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టుకోరు కదా. పొద్దున్నే డిర్క్ బ్రేకులు చూడబోతే, పెట్టిన కుంకుమ ఎక్కడ చెరుపుతాడోనని ఆదెమ్మ అడ్డం నిలబడింది. హేమలత ఏదో నచ్చజెప్పింది. డిర్క్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

నలభై రెండు మంది బయల్దేరారు. పాలవాళ్ళు, పేపర్లు వేసేవాళ్ళు, బెంగళూరు క్లబ్బుల నుంచి హెల్మెట్లు పెట్టుకొచ్చినవాళ్ళు. ఆనేకల్ రాకముందే గంగప్ప చక్రం పంచరై నిలిచిపోయాడు. దారంతా ఎక్కుడు, బ్రేకుతో పని పడలేదు. ఆనేకల్ సందులో ఒకసారి నొక్కితే పట్టు వదులుగా అనిపించింది గానీ, పుల్లయ్య ధ్యాస అక్కడ లేదు. ఊరు దాటగానే వెంకటేశ్ వెనక నుంచి "అన్నా, గాలి ఎక్కువుండాది, స్వల్ప ముందు నిలువన్నా!" అని అరిచాడు. పుల్లయ్య వినపడనట్టు తల వంచి, ఒళ్ళంతా కూడదీసి తొక్కాడు.

తిరిగి చూస్తే ఎవరూ లేరు. ముందు ఎవరూ లేరు. ఖాళీ రోడ్డు, తను. జీవితంలో మొదటిసారి పుల్లయ్య ఫస్టు ఉన్నాడు.

ఆ సంతోషం ఒక కిలోమీటరు నిలిచింది. తర్వాత దిగుడు వచ్చింది. దిగుడు కింద కుడివైపు మలుపు. బ్రేకు నొక్కాడు. సైకిలు ఆగకపోగా ఇంకా హుషారుగా పరిగెత్తింది. రెండు బ్రేకులూ నొక్కాడు. రబ్బరు రిమ్ము మీద ముద్దుగా జారింది. ముక్కుకు కమ్మటి కొబ్బరినూనె వాసన కొట్టింది. వరసగా ఆంజనేయుణ్ణి, వాళ్ళ నాయనను, ఆదెమ్మను పిలిచాడు. మలుపు కుడికి తిరిగింది, పుల్లయ్య నేరుగా పోయాడు, కంచె లేని ఒక చేమంతి తోటలోకి. ఏడెనిమిది సాళ్ళు దున్నుకుంటూ పోయి బోర్లా పడ్డాడు.

లేచి ఒళ్ళు తడుముకున్నాడు. అన్నీ ఉన్నాయి. సైకిలు ముందు చక్రం కాస్త వంకర పోయింది గానీ తిరుగుతోంది. ఎక్కబోయి ఆగాడు. ఈ నూనె ఆదెమ్మ పనే అయితే ఒక్కదానికే రుద్ది ఉండదు, మూడు సైకిళ్ళకూ సమానంగా రుద్ది ఉంటుందని తట్టింది. వెనక వస్తున్నది వెంకటేశ్. ఈ మలుపులో తనలా నేరుగా పోతే చేమంతులు, కొంచెం ఇవతలికి తప్పితే కల్వర్టు గోడ.

ఇప్పుడు ఎక్కి పోతే ఇంకా ఫస్టే. పుల్లయ్య ఒక పాదం పెడలు మీద పెట్టి, దిగుడు పైకి చూశాడు. మళ్ళీ ముందుకు చూశాడు. అంతసేపు ఆలోచించినందుకు తర్వాత చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాడు. పాదం తీసేసి, సైకిలు పడేసి, దిగుడు ఎక్కి పరిగెత్తాడు, రెండు చేతులూ ఊపుతూ, "రేయ్ వెంకటేశూ, బ్రేకు లేదు రా! కాలు ఈడ్చు! కాలు ఈడ్చు!" అంటూ.

వెంకటేశ్ బూటు అడుగు రోడ్డుకు రాసి రాసి, పొగలు వచ్చేంత పనై, పుల్లయ్య రొమ్ము మీదికి వచ్చి ఆగాడు. వాళ్ళను దాటుకుని హెల్మెట్ల జట్టు జుమ్మని పోయింది.

"అయిపాయె," అన్నాడు వెంకటేశ్.

"ఏమీ కాలేదు. దిగు."

రాతిపలక మీద నూనె పడితే ఏం చెయ్యాలో పాలిష్ పట్టేవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. నీళ్ళు తగలనివ్వకూడదు. పొడి చల్లాలి, అది నూనెను తాగాలి, తుడిచెయ్యాలి. పుల్లయ్య రోడ్డు పక్క నుంచి మెత్తటి పొడిమట్టి దోసిలితో ఎత్తి, రెండు సైకిళ్ళ రిమ్ములకూ రుద్ది, ఫ్యాక్టరీ పేరు ముద్రించిన కొత్త చొక్కా విప్పి దానితో తుడిచాడు. రెండోసారి రుద్దాడు. బ్రేకు కీచుమంది. ఆ కీచు వినడానికి అంత హాయిగా ఎప్పుడూ లేదు.

"ఎక్కు. నా వెనక చక్రం తప్ప ఏమీ చూడొద్దు."

అక్కడి నుంచి చందాపుర, చందాపుర నుంచి జిగణి దారి. బనియను మీద, వంకర చక్రంతో, పుల్లయ్య గాలి మోశాడు. ఇంత గాలి తన రొమ్ముకు తగులుతుంటే వెనకవాడికి తగలడం లేదన్న సంగతి మొదటిసారి అతనికి వీపుతో తెలిసింది. వెంకటేశ్ ఊపిరి వెనక నుంచి ఒకే లయలో వినిపిస్తోంది. జిగణి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా హెల్మెట్లను అందుకున్నారు. పుల్లయ్య ఆగలేదు. పక్కనుంచి వాళ్ళను దాటి, వెంకటేశ్‌ను అందరికన్నా ముందుకు తెచ్చి, "పోరా!" అన్నాడు. కాళ్ళు అక్కడితో అయిపోయాయి. వెంకటేశ్ బాణంలా పోయాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ పుల్లయ్యను దాటిపోయారు, పాలడబ్బాల హుక్కులు కూడా విప్పని ఒక ముసలాయనతో సహా.

గేటు దగ్గర వెంకటేశ్‌ను భుజాల మీద ఎత్తి ఊరేగిస్తుంటే, ఇరవై మూడోవాడుగా, నెత్తిన చేమంతి రేకలతో, చొక్కా లేకుండా పుల్లయ్య వచ్చి ఆగాడు. ముందు వరస కుర్చీలో ఆదెమ్మ. కొత్త చీర. పక్క కుర్చీల్లో ఆరిళ్ళవాళ్ళు.

డిర్క్ వేగంగా వచ్చాడు, వెనకే హేమలత. పుల్లయ్య సైకిలు చక్రాన్ని ఆయన వేలితో రాసి వాసన చూశాడు. మొహం మారిపోయింది.

"నూనె ఎవరు పూసినారు అని అడగతా ఉండాడు," అంది హేమలత.

ఆదెమ్మ కుర్చీలో బిగుసుకుపోయింది.

"నేనే సార్," అన్నాడు పుల్లయ్య.

"సరే. ఆనేకల్ దాటినాక వెంకటేశ్‌ను ఇడిచిపెట్టి ఒక్కడే ఎందుకు పోయినావు? అంతవరకూ జీపులో వెనకాలే వచ్చి చూసినాడంట."

పుల్లయ్య దీనికి ఇంకో అబద్ధం వెతికాడు. అలసటకు దొరకలేదు. డిర్క్‌కు చెప్పాల్సిన జవాబు తెలుగులో చెప్పాలి, అది హేమలత నోట ఇంగ్లీషయ్యేలోపు ఆదెమ్మ చెవిన పడుతుంది. వేరే దారి లేదు.

"గెలవల్లని సార్. ఒక్కసారన్నా. నేను ఎప్పుడూ ఫస్టు రాలేదు. మా ఇంట్లో ఏమో వచ్చినానని చెప్పుండాను."

తెలుగు తెలిసినవాళ్ళందరూ ఆదెమ్మ వైపు తిరిగారు.

"ఎప్పుడూనా?" అంది ఆదెమ్మ.

"ఎప్పుడూ."

"ఇంట్లో ఉండే కప్పు?"

"చిక్కపేట."

"అయితే ఆ బొమ్మ చేతిలో ఉండేది పంపు కాదా?"

"బ్యాటు."

"ఆరేండ్లు దానికి కుంకుమ పెట్టినా గదయ్యా!"

ఆదెమ్మ లేచింది. చీర కొంగు సర్దుకుని, డిర్క్ ముందు నిలబడి, "నూనె పూసింది నేను సార్. తెలీక పూసినాను. ఈయప్పకు అబద్ధాలు ఆడేది అలవాటు," అని చెప్పి, భోజనానికి కూడా ఆగకుండా నడుచుకుంటూ ఇంటికి పోయింది.

వారం రోజులు ఆ ఇంట్లో మాట లేదు. గిన్నెలు మాత్రం గట్టిగా మాట్లాడాయి. కప్పు అటకెక్కింది. ఎనిమిదో రోజు వెంకటేశ్ ఒక అట్టపెట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు. మొదటి బహుమానంగా ఇచ్చిన పిండి రుబ్బే గ్రైండరు.

"ఇది మీదక్కా."

"మాదెట్లప్పా? గెలిచింది నువ్వు గదా."

"డిర్కప్ప దేశంలో గెలిచినోడు ఏమీ పెట్టుకోడంట. గాలి మోసినోళ్ళకు ఇచ్చేస్తాడంట. గంగప్పన్నను అడిగితే, ముందు పిండి రుబ్బి పెట్టు, వాటా సంగతి దోసె తిని చెప్తాను అన్నాడు. నాకు రుబ్బేది రాదక్కా."

"గాలి మోసేదంటే ఏంది?" అంది ఆదెమ్మ. వెంకటేశ్ గడపలో కూర్చుని మొత్తం చెప్పాడు: మలుపు, మట్టి, చొక్కా, చందాపుర నుంచి వీపు వెనక దాక్కుని వచ్చిన దారి. పుల్లయ్య లోపల గోడ వైపు తిరిగి, పనేమీ లేకపోయినా గోడ తుడుస్తున్నాడు. ఆదెమ్మ విన్నంతసేపు విని, పప్పు నానబెట్టింది.

మర్నాడు దోసె పళ్ళెంలో పడేస్తూ ఆమె మాట్లాడింది. "డిర్కప్ప తొమ్మిదేండ్లు గెలవలేదు గదా. ఆయప్ప పెండ్లాం ఏమనేదంట?"

"నేను అడగలేదు."

"నువ్వేం అడగతావులే."

తనే ఫ్యాక్టరీకి పోయి, హేమలతను పట్టుకుని, డిర్క్‌ను అడిగింది. డిర్క్ కొంచెం సేపు నవ్వుకుని చెప్పాడట: ఆమె ఎప్పుడూ పందెం ముగిసే చోటికి వచ్చేది కాదు, అక్కడ ఆమె చూడాల్సింది ఏమీ లేదు, నా పని ఎక్కడ అయిపోతుందో లెక్క కట్టి, అక్కడ తువ్వాలు పట్టుకుని నిలబడేది.

ఆదెమ్మ ఆ మాటను ఆరిళ్ళవాళ్ళకు చెప్పలేదు. లోపల పెట్టుకుంది.

తర్వాత ఏడేళ్ళు పుల్లయ్య ఆ జట్టులో తొక్కాడు. అన్నీ కలిపి యాభైకి పైగా పందేలు. వెంకటేశ్ పదకొండు గెలిచాడు. గంగప్ప కూడా ఒకటి గెలిచాడు, ముందున్న ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. పుల్లయ్య చుట్టుపక్కల గాలి మోసేవాడిగా పేరు తెచ్చుకున్నాడు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఆయన వెనక చక్రం కోసం తోసుకునేవాళ్ళు. బస్సు మాత్రం అప్పటికీ ఎక్కలేదు. దూరపు పందేలకు జట్టంతా వ్యానులో పోతే తను వెనక గుడ్డ కప్పిన లగేజి ఆటోలో, సైకిళ్ళతో పాటు కూర్చుని పోయేవాడు.

ఆదెమ్మ ప్రతి పందేనికీ వచ్చేది. వెంకటేశ్‌ను అడిగి, "ఈయప్ప నిన్ను యాడ ఇడుస్తాడు?" అని చోటు తెలుసుకుని, ముగింపు గీతకు కిలోమీటరు ఇవతల, జనం ఎవరూ లేని చోట, తువ్వాలూ మజ్జిగ చెంబూ పట్టుకుని నిలబడేది. కొన్నిసార్లు పుల్లయ్య అక్కడి దాకా రాకముందే అలిసి వెనకబడేవాడు. ఒకసారి అసలు రాలేదు, అత్తిబెలె దగ్గర ఎద్దులబండి అడ్డం వచ్చింది. అలాంటి రోజుల్లో ఆమె మజ్జిగ తనే తాగేసి వచ్చేది.

2006లో పుల్లయ్యకు ముప్పై ఏడేళ్ళు. మోకాలు పొద్దునపూట మాట వినడం లేదు. నవంబరులో జరిగే కన్నడ రాజ్యోత్సవ పందెం తన చివరిదని చెప్పాడు. అప్పటికి జిగణి రోడ్డు వెడల్పయింది, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఆఫీసువాళ్ళు మెరిసే సైకిళ్ళతో వస్తున్నారు. డెబ్భై మంది బయల్దేరారు.

ఆదెమ్మ తన చోటికి పొద్దున్నే చేరింది. సంచిలోంచి ముగ్గుపిండి తీసి, రోడ్డుకు ఈ అంచు నుంచి ఆ అంచుకు బారుగా ఒక గీత పోసింది. మధ్యలో ఒక లారీ సగం చెరిపిపోతే తిట్టి మళ్ళీ పోసింది. బందోబస్తుకు నిలబడ్డ పోలీసాయన దగ్గరికొచ్చాడు.

"ఏమమ్మా ఇది? ఫినిష్ ఇంకా ముందర ఉండాది గదా."

"అది వాళ్ళదప్పా. ఇది మాది."

ఆయనకు అర్థం కాలేదు గానీ, ముగ్గే కదా అని ఊరుకున్నాడు. కాసేపటికి మలుపు దగ్గర ఈలలు వినిపించాయి. ముందు మోటారు బండి, దాని వెనక రంగురంగుల గుంపు ఒక తాడులా సాగి వస్తోంది. తాడుకు ఈ కొసన, హ్యాండిలు మీద గడ్డం ఆనించి, నోరు తెరుచుకుని, పుల్లయ్య. అతని వెనక చక్రానికి అంటుకున్నట్టు వెంకటేశ్. వాళ్ళ వెనకే మిగతా గుంపంతా.

పుల్లయ్య తెల్లగీతను చూశాడు. ఏమిటో తెలియలేదు, పక్కన తువ్వాలు కనిపించాక తెలిసింది. గట్టిగా ఒక్క తొక్కు తొక్కి గీత దాటాడు. దాటి పక్కకు తప్పుకుని, "పోరా!" అన్నాడు. తక్కినవాళ్ళందరూ ముగ్గుపిండి లేపుకుంటూ జుమ్మని వెళ్ళిపోయారు.

పోలీసాయన దుమ్ము దులుపుకుంటూ, "మీ ఆయన ఎవరమ్మా, ఎన్నో ప్లేసు?" అన్నాడు.

ఆదెమ్మ మజ్జిగ చెంబు పుల్లయ్య చేతికిచ్చి, తువ్వాలు అతని మెడలో వేసి, "నీ ఎదురుగానే గదా దాటినాడు. ఫస్టు," అంది.